ఉండేవాడు

అరవై ఎనిమిది కిలోల కుక్క
చీపురు కిందపడ్డ చప్పుడుకి
నా కుర్చీ వెనక దాక్కుంది.
తల మాత్రం పట్టింది.
మిగతా మాస్టిఫ్ అంతా బయటే,
కనబడటం లేదన్న ధీమాతో.

ఎవరు పెట్టారో, పేరు త్రోనో.
మా గలీషియా మాటలో ఉరుము అని.
ఉరిమితే ఉచ్చ పోసుకునే జీవికి ఆ పేరు!
కొండమీద గొర్రెల కాపలాకి పెంచారు.
తోడేలు సంగతి దేవుడెరుగు,
గొర్రె తుమ్మినా అదిరిపడేదట.
గొలుసుకి కట్టేశారు.
మెడ చుట్టూ వెంట్రుక మొలవని వలయం
వేలు పెడితే ఇప్పటికీ నున్నగా తగులుతుంది.

రెండు ఇళ్ళు తీసుకెళ్ళి తిరిగి తెచ్చాయి.
మొదటి ఇంట్లో కవల పిల్లలు, ఒక డ్రమ్ము.
రెండో ఇంట్లో ఏమీ లేదు,
ఫుట్‌బాల్ మ్యాచ్ తప్ప.
గోల్ పడిన రాత్రి సోఫా వెనక దూరి
మూడు రోజులు గిన్నె వైపు చూడలేదట.
"మంచిదే పాపం, కానీ" అన్నారు.
ఆ "కానీ" దగ్గరే నా ఉద్యోగం మొదలవుతుంది.

నవంబరులో ఒక సోమవారం, వాన.
బురేలా నుంచి ఎలాడియో వచ్చాడు,
మెడకి బూడిదరంగు రుమాలు చుట్టుకుని.
అడగాల్సినవన్నీ అడిగాను. పెరడుందా, మెట్లెన్ని,
నెలకి పాతిక కిలోల దాణా భరించగలరా.
అన్నిటికీ చిన్న పలక మీద సుద్దతో జవాబు.
మెట్లు మూడు. పెరడుంది. గోడ నేను కట్టిందే.
పదకొండో ప్రశ్న చదివాను:
ఇంట్లో గట్టిగా మాట్లాడేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?
అరచేత్తో పలక తుడిచాడు.
చాలాసేపు ఆగి ఒక్క మాట రాశాడు.
ఉండేవాడు.

ముప్పై ఒక్క ఏళ్ళు రేవులో చేపల వేలం పాడిన మనిషి.
మా రేవులో ధర పైకి పోదు, కిందికి దిగుతుంది.
పెద్ద అంకె ఎత్తుకుని ఊపిరి తీయకుండా దిగుతూ పోతే
ఎవడో ఒకడు ఆగలేక "నాది" అంటాడు.
ఆ గొంతు దీపస్తంభం దాకా వినబడేదిట.
నిరుడు వేసవిలో ఓ ఉదయం
డాక్టర్లు దాన్ని కోసి తీసేశారు.

త్రోనో గోడకి అంటుకుని నిలబడింది.
అతను పిలవలేదు. పిలవలేడు.
ఈల లేదు, చిటిక లేదు.
కుర్చీ వదిలి నేల మీద కూర్చున్నాడు,
పక్కకి తిరిగి, తడిసిన కోటుతో,
బస్సు కోసం ఆగినవాడిలా వానని చూస్తూ.

పన్నెండు అడుగుల దూరం.
మంగళవారం మళ్ళీ వచ్చాడు. తొమ్మిది.
బుధవారం ఆలస్యం. తొమ్మిదే.
గురువారం ఏడు.
శుక్రవారం ఎవరో పళ్ళెం జారవిడిచారు,
మళ్ళీ పన్నెండు.
నా మొహం చూసి పలక తీశాడు:
తొందర లేదు. చేప కాదుగా, పాడవదు.

మరుసటి వారం ఐదు. మూడు.
రెండు.
జారిన బుగ్గల ఆ పెద్ద తల
ఎంత నిదానంగా దిగిందంటే
ముందు మీసం తగిలింది, తర్వాత వెచ్చటి ఊపిరి,
ఆఖరికి బరువు, అతని మోకాలి మీద.
అతని పెదవులు కదిలాయి. శబ్దం లేదు.
ఏమన్నాడో నాకు తెలుసు, రేవు పక్కన పెరిగినదాన్ని.
అన్నేళ్ళ వేలంలో
ఎదుటివాళ్ళు అనడమే తప్ప
తను ఎన్నడూ అనని మాట.

ఏప్రిల్లో ఇల్లు చూసిరావడానికి వెళ్ళాను.
దీన్ని ఏమని పిలుస్తున్నారని అడిగి
నాలిక కరుచుకున్నాను.
అతను నవ్వి గిన్నె అంచు మీద
చెంచాతో రెండుసార్లు కొట్టాడు, మెల్లిగా.
పెరట్లోంచి డెబ్బై మూడు కిలోలు
గుమ్మంలో ఒక్క క్షణం ఆగి, ఆలోచించి, వచ్చింది.

ఉరుము కాస్తా రెండు చినుకులైంది.
ఫారంలో పేరు రాయాల్సిన గడిలో
రెండు చుక్కలు పెట్టాను.
పైవాళ్ళు అడిగితే అప్పుడు చూద్దాం.