సున్నా కాడికి తెచ్చి

జాంగీర్ పాత సామాన్ల కొట్టుల
కాంటా మీద పండవెట్టిండ్రు దాన్ని.
నల్లగొండ జిన్నింగు మిల్లు సేటు ఇంట్ల
మూడేండ్లు తువాలలు ఆరేసుకున్న ట్రెడ్‌మిల్లు.
"ఇనుం రేటే ఇస్త" అన్న.
"లోపల రాగి ఉన్నది, సోమాచారి బిడ్డవు, నీకు తెల్వదా" అన్నడు.
రాగి సంగతి నాకు చెప్తుండు,
పన్నెండేండ్ల సంది మునుగోడుల
బోరు మోటర్లకు తీగ చుట్టేదానికి!
ఆఖరికి పదకొండు వందలు.
చిరిగిన పట్టా ఆయనకే ఇడిసిన,
వడ్లు ఎండవోసుకుంటడంట.

బాపుకు చెప్పలే.
ఆరేండ్లాయె ఆయన మోకాళ్లు వంగక.
మా ఊరి నీళ్లు బొక్కలల్ల దిగి గట్టివడ్డయి.
కాలుతోని తొక్కే తరిమెన
అర్రల మూలకు, గోనె సంచి కప్పుకోని ఉంది.

అరచేయంత బోర్డు,
ఎనుక అల్యూమినియం రెక్కలు.
మూడు వైర్లు: ఒకటి ఎక్కువంటది,
ఒకటి తక్కువంటది,
నడుమది ఇనుకుంట ఉంటది.
టెస్టరు పెట్టిన ప్రతి కాడ ఎలిగింది.
ఒకపారి మోచేయి దాకా కొట్టింది.
గాజులు తీసి వార్నీషు డబ్బా మీద వెట్టి
మల్ల కూసున్న.

ఎండిన బోరు కాడ పీకేసిన స్టార్టరు డబ్బల
బోర్డును దించిన.
పొట్టు జొరకుంట అంచులకు సైకిల్ ట్యూబు.
ఎర్తు తీగ గోడ అవతలికి,
ఉప్పు, బొగ్గు పోసిన గుంటలకు.
మోటరు మాత్రం బల్ల మీది నట్లన్నీ
తన దిక్కు గుంజుకోని కూసుంది.

చక్రానిది ఉల్టా చూడీ.
తెల్వక తీగలు మార్చి తిప్పిన.
ఊడి, దొర్లి, వాకిలి దాటి
కోళ్ల గంపకు తాకి ఆగింది.
పక్కింటి ఈదమ్మ ఇప్పటికీ నవ్వుతది.

మూడోనాడు బాపును కుర్సీల కూసోవెట్టి
స్విచ్చేసిన.
లేవలే.
బాపు నా మొకం చూసిండు,
నేను బోర్డు మొకం.
నాబు సగం కాడ ఉంది మరి.
సున్నా కాడికి తెచ్చి,
లోపల టిక్కుమన్నంక తిప్పితే
సన్నగ మూల్గి, తుమ్మకట్టె తిరుగుడు వట్టింది.
పట్టా మీద నిలవడ్డోడు బోర్ల పడొద్దని
ఎవరో పెట్టిన అడ్డు అది.
ఇక్కడ నిలవడేటోడు ఎవడు లేడు,
అయినా బోర్డు మర్యాద ఇడువలే.

మెచ్చుకుంటడనుకున్న.
ఉలి ఆనిచ్చి, రెండు సుట్లకే కట్టెను చెడగొట్టి,
"ఇది ఊపిరి తీసుకోదేందే?" అన్నడు.
తొక్కితే ముందుకు, ఇడిస్తే ఎనుకకు,
ఆ ఎనుక తిరుగుడప్పుడు ఉలికి ఇంత తెరిపి ఉండేది.
నలభై ఏండ్లు ఆ తెరిపిలనే
ఆయన బీడీ పీల్చేది.

వారం వట్టింది పొత్తు కుదరనీకి.
చింతగింజంత నాబు ఆయన వేళ్లకు దొరకది.
అందుకే సాఫుగ తిప్పిన మొదటిది
ఊయల కోడు కాదు, పీట కాలు కాదు,
జామకాయంత వేప నాబు.
దాన్నే ఇరుసుకు బిగించిన.
ఇప్పుడు ముంజేతితోని తిప్పుకుంటడు.

ఇంకో ముచ్చట.
ట్రెడ్‌మిల్లుతోని వచ్చిన చిన్న అద్దం,
నడిశిన దూరం లెక్కవెట్టేది.
దాని అయస్కాంతాన్ని ఊకెనే పుల్లీకి అతికిచ్చిన.
తీసేస్తనంటే "ఉండనియ్" అన్నడు.
కరెంటు పోతే అంకెలు చెరుగుతయని
పూట పూటకు గోడ మీద బొగ్గుతోని రాస్తుండు:
పదకొండు. ఆరున్నర. తొమ్మిది.
అప్పడాల కర్రలు, బొంగరాలు, గొడ్డలి కాములు
ఓ పక్క పేరుతున్నయి.
ఓ పక్క ఆయన చండూరు దాటిండు,
నాంపల్లి దాటిండు.

నిన్న మాపటికి మంచం కోడు మీద ఉలి ఉండంగనే
కరెంటు వోయింది.
తిరుగుడు మెల్లగ సచ్చిపోయింది.
చీకట్ల ఆయన ముంజేయి
వేప నాబును సున్నా కాడికి తెచ్చింది,
ఇనవడ్డది నాకు.
బొగ్గు కోసం తడుముకుంట,
"దేవరకొండ ఇంకెంత దూరమే?" అన్నడు.
"మల్లేపల్లి కాడ ఉన్నం."
"అయితే చాయ పెట్టు."