మూలం తెలియని నీరు

జులై. ఫుజైరా.
హ్యాంగర్ రేకుల కింద నలభై తొమ్మిది డిగ్రీలు.
పానా ముట్టుకుంటే చెయ్యి కాలేది,
దస్తీ చుట్టి పట్టుకునేవాణ్ణి.

ఆ ఇంజను నా బల్ల మీద పదకొండు రోజులుంది.
విప్పాను, కడిగాను, మళ్లీ కూర్చాను.
ఒక్కో నట్టుకూ సన్న తీగతో ముడి వేశాను,
సిరిసిల్లలో సాంచె ఆపి మా నాయిన
తెగిన పోగును అతికినట్టు.
లాగ్‌బుక్కు నలభై ఒకటో పేజీలో
నా సంతకం, నా ముద్ర నంబరు.

చెక్కపెట్టెలో వెళ్లిపోయింది.
ఎటో నేనడగలేదు.
ఇంజన్లూ మాలాంటివే,
ఏజెంటు ఎటు పంపితే అటు.

మళ్లీ జులై వచ్చాక కాగితం వచ్చింది.
మార్చిలోనట, ధ్రువం దగ్గర,
మైనస్ నలభై ఒకటిలో
గాల్లోనే ఇంజను ఆగిపోయిందట.
చిన్న విమానం, నలుగురు మనుషులు.
ఇద్దరిని పదహారు గంటలకు బయటికి తెచ్చారు.
మిగతా ఇద్దరూ అక్కడే.
ఆ వాక్యానికి క్రియ కూడా లేదు.

ఫోర్‌మన్ రోడెల్ వేలు పెట్టి చదివాడు:
ఇంధనం వడపోతలో మంచు పలుకులు.
కొద్దిపాటి నీరు. మూలం తెలియదు.
"తెలియదన్నారుగా, మనది కాదు" అని
భుజం తట్టి టీకి పోయాడు.

నాకు తొమ్మిదో రోజు గుర్తుంది.
ఆ రోజు కూలర్ చెడింది.
వడపోత గిన్నె నోరు తెరుచుకుని ఉంది.
నేను దాని మీదకు వంగి ఉన్నాను.
ముక్కు కొసన ఒక చెమట బొట్టు.
తుడిచాననే అనుకుంటాను.
చెయ్యి లేచింది గుర్తుంది,
బట్ట గుర్తు లేదు.

నూట ఇరవై గంటలు ఎగిరాక
ఒక్క బొట్టు ఇంకా ఉంటుందా, అంటాడు రోడెల్.
లెక్క ప్రకారం నిజమే.
లెక్కలు పగటిపూట పనిచేస్తాయి.

రాత్రి క్యాంపులో ఆరుగురం.
ఏసీ పద్దెనిమిదిలో పెట్టి అందరూ ముసుగేస్తారు.
నేను దుప్పటి తీసేసి పడుకుంటాను.
ఇక్కణ్ణించి అక్కడికి
ఇంకా యాభై తొమ్మిది మెట్లు దిగాలి.

శుక్రవారం చేపల బజారులో
ఐసు కొట్టే కుర్రాణ్ణి ఒక ముక్క అడిగి
గుప్పిట మూశాను.
నాలుగు నిమిషాలు కూడా పట్టలేకపోయాను.
మోచేతి దాకా నీళ్లు కారాయి,
కొన్ని ఐసువి, కొన్ని నావి.
ఏవి ఎవరివో చెప్పమంటే
ఆ ఎండలో నేనైతే చెప్పలేను.

ఇవాళ బల్ల మీద ఇంకో ఇంజను.
నుదుటికి దస్తీ కట్టుకున్నాను, రెండు చుట్లు.
ఇది ఎటు పోతుందని
ఈసారి స్టోరు యూసుఫ్‌ను అడిగాను.
చీటీ తిప్పి చూశాడు.
ఇంకా రాయలేదు.