బూడిదరంగు మూత

కేజీహెచ్ ల్యాబులో రాత్రి డ్యూటీ నాది.
కిటికీ తెరిస్తే కింద సముద్రం హోరు,
మూస్తే ఫినాయిల్ వాసన.
తెరిచే ఉంచుతాను.

పదకొండు దాటాక జలారిపేట నుంచి
తెడ్డు పరసన్నని తెచ్చారు.
పొద్దుట్నుంచీ అలివి వల లాగాడట,
వల నిండా బురద, గుప్పెడు నెత్తళ్ళు.
తాడు వదలకుండానే ఇసకలో కూలబడ్డాడట.
వెనకే కాసులమ్మ, చేతిలో స్టీలు క్యారేజీ, అందులో తరవాణి.
"తెల్లారి నేత్తే తాగుతాడు. ఎక్కడెట్టమన్నావు తల్లీ?"
సెంట్రిఫ్యూజు పక్కన పెట్టించాను.
పెట్టకూడదు. పెట్టించాను.

పది మెట్లు, అంతే.
సింహాచలానికి వెయ్యి, చక్కెరకి పది.
దిగేముందే రెండు నాణేలు అడుగుతుంది,
సగానికి విరిగి, అడుగు మెట్టు దగ్గర
నాలుగు చేతిలో పెడుతుంది. మిగులు రెండు.
పూర్ణా మార్కెట్లో ఉల్లిపాయల కొట్టయినా
ఈ లాభానికి తలుపు తియ్యరు.
ప్రాణం తీసింది. ఎప్పుడో, గాలి ఇంకా గాలి కానప్పుడు.

ఊపిరి అందితే ఆ విరిగిన ముక్కల్ని
లోపలి కొలిమిలో కాల్చుకుని ఇంకెంతో పిండుకోవచ్చు.
అందకపోతేనే చిక్కు.
మెట్ల మీద సరుకు మోసిన బుట్టలు
ఖాళీ అయి మళ్ళీ పైకి రావాలి,
లేకపోతే రేపటి వేట లేదు.
ఎక్కడో ఒకచోట కుమ్మరించాలి.
కండ కుమ్మరిస్తే పులుపు.
గంజికుండలో కంటికానని జీవి కుమ్మరించినా అదే పులుపు.
భీమిలి దారిలో తాటిచెట్టు మీద, ముంతలో,
ఈస్టు కుమ్మరిస్తే నురుగు, కల్లు, సాయంత్రం తగువులు.

అంటే ఆ పూట
పరసన్న భుజాల్లోనూ కాసులమ్మ కుండలోనూ
ఒకే పని జరిగింది.
ఆ పులుపే నొప్పి అని చెప్పారు మాకు కాలేజీలో.
ఇప్పుడు కాదంటున్నారు.
గుండె దాన్ని ఇష్టంగా తింటుందట.

రక్తం తీసినవాడు కొత్త హౌస్ సర్జన్, చేతులు వణుకుతున్నాయి.
చక్కెర పరీక్షకి బూడిదరంగు మూత గొట్టం వాడాలి,
దాన్లో ఫ్లోరైడు ఉంటుంది,
తొమ్మిదో మెట్టు దగ్గర గొలుసు వేస్తుంది.
కుర్రాడు ఎర్రమూత దాన్లో పోశాడు.
నేనైనా చూడాల్సింది.
గాజువాక నుంచి లారీ కేసు, పైన రెండు కాన్పులు,
గొట్టం స్టాండులో నిలబడే ఉంది.

నాలుగింటికి తీశాను.
వార్డులో పుల్ల మీద నూటపన్నెండు,
నా మిషన్లో ఎనభై మూడు.
మధ్యలో రెండున్నరకి
పరసన్న పోయాడు.

గొట్టంలో ఉన్న ఎర్రకణాలకి ఎవరూ కబురు చెప్పలేదు.
అవి తింటూనే ఉన్నాయి.
బతుకంతా ఊళ్ళో వాళ్ళందరికీ ఊపిరి మోసి
ఒక్క గుటకైనా తాము తాగని కూలీలు,
ఆ పది మెట్ల మీదే, ఆ రెండు నాణేల మీదే
ఇంకా దిగుతూ, ఇంకా ఎక్కుతూ.

ఐదింటికి కాసులమ్మ వచ్చింది.
ఏడవలేదు, క్యారేజీ అడిగింది.
మూత తీస్తే చిన్న నిట్టూర్పు, ఘాటు.
"పులిసిపోనాది" అంది.
సింకులో వంచింది, ధార సన్నబడేదాకా వంచి
చటుక్కున నిలిపేసింది.
"అడుగున కూసింత ఉంచాల. కుండలో కలపాల కదా."
అలవాటు చెయ్యి అది. తర్వాత
ఆ చెయ్యి వైపే చూస్తూ కూచుంది బల్ల మీద.

రిజిస్టర్లో రాయాల్సింది రాశాను:
నమూనా ఆలస్యం, ఫలితం చెల్లదు.
గొట్టాన్ని ఎర్ర డబ్బాలో వెయ్యాలి.
డ్యూటీ దిగేదాకా స్టాండులోనే ఉంచాను.
ఇంకా ఎనభై ఉంది కదా,
తిననీ.