ముందు పొగ

క్లెమ్ ట్రెథెవీ ముఖానికి అచ్చు తీసింది నేనే.
వేడినీళ్లలో మెత్తబడ్డ ప్లాస్టిక్ వల
ముక్కు మీద, చెంపల మీద, గడ్డం కిందికి లాగి
చల్లారేదాకా అదిమి పట్టుకున్నాను.
"తేనెటీగల ముసుగు ఇంత బిగుతుండదమ్మా"
అన్నాడు, పెదవులు కదపకుండా.

కుడికంటి కింది రెప్ప మీద
ఊదారంగు గింజ. బఠాణీ అంత.
నొప్పి లేదు, దురద లేదు.
మొదట ఈగ కుట్టిందనుకున్నాడట.
నలభై ఏళ్లుగా కుట్టించుకుంటున్నవాడికి
కాటేదో కానిదేదో తెలియదా?
తెలిసే ఆలస్యం చేశాడని నా అనుమానం.
టాస్మేనియా పడమటి అడవుల్లో
లెదర్‌వుడ్ విరగబూసే నెలలవి.

మెర్కెల్ కణాల క్యాన్సర్ అని చెబితే
"ఎవరో పక్కింటావిడ పేరులా ఉందే" అన్నాడు.
ఆ పేరుతో మా దగ్గరికి
ఏడాదికి ఇద్దరొస్తే ఎక్కువ.

సర్జన్ వాసిలాకిస్ కాగితం మీద కన్ను గీసింది.
ఇప్పుడే కోస్తే ఇంత, అని ఒక సున్నా చుట్టింది.
సున్నాలో కన్ను కూడా పోయింది.
ముందు రేడియేషన్ పెట్టి, గింజ కుంగాక కోస్తే
బహుశా ఇంత, అని ఇంకోటి, చిన్నది.
"హామీ మాత్రం ఇవ్వను."

క్లెమ్ రెండు సున్నాలనీ చాలాసేపు చూశాడు.
"పెట్టె మూత తీసేముందు మేమూ పొగ పెడతాం.
పెట్టకుండా తీస్తే
పట్టు దక్కుతుంది, మొహం దక్కదు."

ఇరవై అయిదు పూటలు.
కంట్లో మత్తు చుక్క,
రెప్పకీ గుడ్డుకీ నడుమ గవ్వంత కవచం.
మేలు చేసేదే, కదలకు, అని చెప్పి
మేమంతా గోడ చాటుకి పోతాం.
పదకొండేళ్లయినా ఆ నాలుగడుగులూ నాకు సిగ్గే.
తెర మీద అతని మేజోడు కనిపిస్తుంది,
చిరుగులోంచి బొటనవేలు.

తొమ్మిదో రోజు చెప్పాడు:
"రాణి పోయిన పెట్టె అచ్చం మీ మిషన్లాగే మూలుగుతుంది."
నేనది శబ్దమే అనుకున్నాను ఇన్నాళ్లూ.

మూడోవారం రెప్పవెంట్రుకలు రాలాయి.
చర్మం ఉడికిన బీట్‌రూట్.
గింజ తగ్గకపోగా వాచింది.
ఆ వారమంతా మాట్లాడలేదు;
చెల్లెలు నెరిస్ మాట్లాడింది, వర్షం గురించి.

తర్వాత ఆరువారాలు
కాలిన చర్మం కత్తికి ఓర్చుకోవడానికి.
మందూ లేదు, కోతా లేదు.
నా జాబితాలోంచి పేరు పోయింది.
స్టోర్‌రూమ్‌లో మాత్రం అతని ముఖం,
కుడికన్ను దగ్గర కత్తిరించిన కన్నంతో,
కొక్కేనికి వేలాడుతూ.

లిఫ్ట్‌లో చెప్పింది వాసిలాకిస్,
మూడో అంతస్తుకీ అయిదుకీ మధ్య:
చిన్న సున్నాయే సరిపోయింది.
అంచులు శుభ్రం. మెడ గ్రంథిలో మాత్రం ఒక చుక్క...
తలుపు తెరుచుకుంది.

మాస్క్ కోసం వచ్చాడు.
చాలామంది పారేయమంటారు.
రెప్ప కొంచెం కిందికి లాగినట్టుంది,
నీళ్లు కారుతూనే ఉంది, తుడుచుకోలేదు.
ఎడంకన్ను అరచేత్తో మూసి
నా బ్యాడ్జీకేసి వంగి
ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ పేరు చదివాడు.
తప్పు చదివాడు.
నేను దిద్దలేదు.