తెలుపు లెక్క

పెళ్లి కెమెరా అది.
బ్రాడీపేటలో ఖాజావలి స్టూడియోది.
తలంబ్రాలు, అప్పగింతలు, బఫే దగ్గర తిరిగిచూసే మేనమామలు,
మూడేళ్లుగా అదే చూసింది,
దాని వెనకాల నేనూ.

ఆ తెల్లవారుజామున మిర్చి యార్డుకి పట్టుకుపోయాను.
"తొమ్మిదింటికి నరసరావుపేటలో ముహూర్తం.
దుమ్ము పడిందో, జీతంలో కోతే" అన్నాడు భాయ్.

టిక్కీల గుట్టల మధ్య మొదటి షాటు.
తెరలో చూస్తే కాయలన్నీ ఇటుకపొడి రంగు.
లోకంలో ఇంత ఎరుపు ఉండదని
కెమెరా తనంతట తానే దిద్దేస్తోంది.
పాపం, దానికి తెలిసిన ఎరుపు పారాణి అంత.

ఆటో తీసేశాను.
కళ్లలోంచి నీళ్లు,
ఫోకస్ ఎక్కడుందో దేవుడికెరుక.

తొడిమలు తీస్తున్న మార్తమ్మ
తలెత్తకుండానే అంది:
"మొహం వద్దయ్యా, చేతులు తియ్యి.
మండేది అవేగా."

తీశాను. పదకొండు నిమిషాలు.
నా దగ్గుకి నాలుగుసార్లు ఫ్రేము కదిలింది.
కోసేద్దామని కూర్చుని
కోయలేకపోయాను.

విజయవాడ గాంధీనగరంలో
ఒకప్పుడు రీళ్లపెట్టెలు దాచిన మేడగదిలో
ముప్పై కుర్చీలు వేసి ఆడించారు.
పద్నాలుగు నిండాయి.
ఏసీ వేశారు, తలుపులు మూశారు.
ఆరో నిమిషంలో వెనక వరసలో ఎవరో దగ్గారు.
కాసేపటికి ఇంకొకరు.

ఎవరో తిరిగి చూడలేదు.
చివరి బస్సు పట్టుకోవాలి,
పొద్దున్నే తెనాలిలో పెళ్లికూతుర్ని చేస్తున్నారు,
బ్యాటరీలు చార్జింగులో పెట్టానో లేదో.

లెన్సు అంచున ఇంకా ఒక ఎర్ర నలుసు.
భాయ్ చూడలేదు.
నేను తుడవలేదు.