గడప కింది రెండు పంక్తులు

కార్వాన్ సందులో చెప్పులు విప్పించారు.
తోలుదని బెల్టు కూడా.
జారే ప్యాంటును ఒక చేత్తో పట్టుకుని
ముప్పయ్యొక్కేళ్ల సర్కారు నౌకరీలో మొదటిసారి
ఒక శాసనం ముందు సిగ్గుపడుతూ నిలబడ్డాను.

బయటంతా పాలరాయి.
మక్రానా నుంచి లారీల్లో వచ్చిన తెలుపు.
శిఖరం చుట్టూ పిల్ల శిఖరాలు
కోడి రెక్క కింద నుంచి తొంగి చూస్తున్నట్టు.
మండపం కప్పులో తామర
కిందికి విచ్చుకుంటుంది.
చెక్కేవాళ్లది రాజస్థాన్. రొట్టెలు తినేటప్పుడు
వాళ్ల కనురెప్పల మీద కూడా తెల్లటి పొడి.

లోపల ఆ తెలుపు ఆగిపోతుంది.
గర్భగుడి గడప నల్లది, మన రాయి,
గోల్కొండ గుట్టల తోబుట్టువు.
కుమ్మరి సారె మీద తిప్పినట్టు నున్నటి కంబాలు.
ఒకదానికి నడుమెత్తున రంధ్రం:
బిడారులు దిగిన రోజుల్లో
గుర్రాన్ని కట్టారు, అన్నాడు మునీం హస్తిమల్‌జీ.
దానికి జానెడు పైన ఒక మట్టి గీత.
తుగ్యానీ నాడు మూసీ ఇక్కడిదాకా వచ్చి
స్వామిని ముట్టుకుని పోయిందట.
ఎవరూ కడగలేదు. అదీ శాసనమే,
ఒక్క పంక్తి, సంతకం లేనిది.

ఆదినాథుడు కళ్లు మూయడు.
భుజాల మీద జారిన జడలు, ఒళ్లో ఖాళీ చేతులు.
ఏమీ ఇస్తాననని వాణ్ణి ఏమడగాలో తోచక
పని మొదలుపెట్టాను.

బ్రష్షు దేనితో చేసిందని అడిగాడు మునీం.
పంది వెంట్రుకలు. అబద్ధం చెప్పలేకపోయాను.
మర్నాడు కొబ్బరిపీచుతో వచ్చాను.

తడి కాగితం పరిచి టపటపా కొడితే
అక్షరాల గుంటల్లోకి కాగితం దిగుతుంది.
పైన సిరా ముద్ద అద్దితే
నల్లరాయి తెల్లగా మాట్లాడుతుంది.
సగం కన్నడం, సగం మనది,
అన్నదమ్ములు వేరుపడక ముందటి లిపి.
బసదికి... నందాదీపానికి... గానుగకు సొలసెడు నూనె...
ఇచ్చింది ఒక స్త్రీ. పేరు గుర్రపు డెక్క తిన్నది.
ఏడు చెరిగింది, తిథి చెరిగింది,
బృహస్పతివారం మాత్రం మిగిలింది.
ఎప్పటిదో ఒక గురువారం
ఎవరో నూనె కొలిచి పోసిన చప్పుడు,
అంతే నాకు దొరికిన చరిత్ర.

మిగతా రెండు పంక్తులు గడప కింద, మట్టిలో.
చెక్కినవాడి పేరు ఉంటే అక్కడే ఉండాలి.
గునపం అడిగాను.
హస్తిమల్‌జీ వంగి ఒక పగులు చూపించాడు.
ఎర్ర చీమలు, వరసగా,
గుడ్లు మోసుకుంటూ.
"చౌమాసా సాబ్. నాలుగు నెలలు తవ్వం."
ఆఫీసు కాగితం చూపించాను.
ఆయన మొత్తం చదివాడు, చీమలకేసి చూశాడు,
జాగ్రత్తగా మడిచి నా చేతికిచ్చాడు.

సెప్టెంబరు ఆఖరున నౌకరీ అయిపోయింది.
శాలువా, గోడ గడియారం.
రిజిస్టరులో ఆ శాసనం పక్కన
'అసంపూర్ణం' అని రాసి సంతకం పెట్టాను.
ఇన్నేళ్లలో అంత నిజం ఎక్కడా రాయలేదు.

కార్తీక పున్నమి దాటాక వెళ్లాను.
సొంత కాగితం, సొంత సిరా,
ఈసారి గుడ్డ బెల్టు.
గడప దగ్గర చంపాబాయి కూర్చుని ఉంది,
రోజూ స్వామికి కుంకుమపువ్వు, గంధం నూరే ముసలామె.
దోసిట్లో పిండి, చక్కెర.
పగులు వెంబడి సన్నగా పోస్తోంది.
నాలుగు నెలలుగా పోస్తూనే ఉందట.
చీమలు ఎందుకు పోతాయి?
పేటలకు పేటలే కట్టుకున్నాయి.

మునీం నన్ను చూశాడు.
నేను చంకలోని కాగితం చుట్టను చూసుకున్నాను.
"వచ్చే ఏడు చూద్దామా?" అన్నాడు,
ఆయనకే నవ్వొచ్చింది.

చంపాబాయి జరిగి చోటిచ్చింది.
నా దోసిట్లో ఇంత పిండి పెట్టింది.
పోస్తుంటే చెయ్యి వణికి
సగం గడప మీదే పడింది.
"అంత గాభరా ఎందుకు," అంది,
"దీపానికి నూనె పోసినట్టు
సన్నగా పోయి."