ఆడే చెయ్యి

నుజత్ అని, పశువుల కాలేజీ పిల్ల,
వారాసిగూడ గల్లీలన్నీ తిరిగి
జాకెట్ గుడ్డల మూటలు దాటుకుంట వచ్చి
పిల్లి ఉన్నదా అమ్మా అనడిగింది.
ఉన్నది, మిషిన్ మీద పండుకున్నది,
కావాలంటే తీస్కపో అన్న.
నవ్వింది. తీస్కపోయే పని కాదంట,
మనుషులు పిల్లులతోని ఎట్ల ఆడతరో చూసే పని.
ఇంత చదువు చదివి? అని
నాలిక చివరిదాక వచ్చింది.
చాయ్ పెట్టిన.

తొమ్మిది పేజీల కాయితం.
పిల్లి పేరు: గుండీ.
ఆ పేరే ఎందుకు: దొరికిన నాడే
గుండీల డబ్బా బోర్లేసి ఒకటి మింగింది గనక.
రోజుకు ఎన్ని నిమిషాలు ఆడతారు:
ఆడుడేంది బిడ్డా, నాకు తీరికేది.
ఆట ఎవరు మొదలుపెడతారు:
ఎవరూ పెట్టరు. టేపు మెడల నుంచి దిగంగనే
అది ఒక కొస గుంజుతది,
ఇంకో కొస నేను గుంజుత.
గుంజుడు ఆటెట్లయితది?
ఆటేనమ్మా అని రాసుకున్నది.
లైనింగు ముక్క విసురుడు, ఎలాస్టిక్ ఆడిచ్చుడు,
చాక్‌పీసు దాచిపెట్టి నా దగ్గర లేదనుడు,
అన్నీ కలిపితే నలభై ఒక్క నిమిషాలు.
పండుగ సీజన్ల
తినేటందుకు కూడ అంత దొరకదు నాకు.

ఇంట్ల ఇంకెవరన్నా ఆడతారా?
మా ఆయననా? జంగయ్య, సిటీ బస్సు డ్రైవరు.
చెప్పులు విడువకముందే
దీన్ని అవతల పారెయ్ అంటడు,
అన్నంల వెంట్రుకలంటడు.
లేదు, అని టిక్కు కొట్టిన.

బియ్యం డబ్బా మీద అగ్గిపెట్టెంత కెమెరా.
మూడు రోజులు.
ఆయనకు చెప్పిన. ఊఁ అన్నడు.
ఆ ఊఁకు అర్థం నాకు తెల్సు, వినలే అని.

నాలుగో నాడు లాప్‌టాప్‌ల చూపిచ్చింది.
ముందు నేను.
నేల మీద నాలుగు కాళ్ల మీద నేను,
ఎవరిదో గొంతు, చిన్నపిల్ల గొంతు,
నా నోట్లకెల్లి వస్తున్నది.
సిగ్గయి కొంగు అడ్డం పెట్టుకున్న.

తర్వాత రాత్రి. పన్నెండు నలభై.
లైటు వెయ్యలే. అంత బూడిద రంగు.
బీరువాకు వీపానిచ్చి కూసున్నడు,
ఖాకీ అంగి ఇప్పలే, ఒక్క కాలికే సాక్సు.
దుప్పటి కింద ఎడమ చెయ్యి
ఎలుక లెక్క ఉరుకుతున్నది,
పైనుంచి గుండీ దుంకుతున్నది.
మెల్లగ దానితోని మాట్లాడుతున్నడు.

*కొత్త బస్సు కరెంటుది రా.
సప్పుడుండదు, గేరు రాడుండదు.
ఇరవై రెండేండ్లు తార్నాక మూల మలిగేటప్పుడు
సెకండ్‌కు గుంజిన చెయ్యి
ఇప్పుడు తొడ మీద కూసుంటున్నది,
పిలవకుండ వచ్చిన చుట్టం లెక్క.
నిన్న మరిచిపోయి గాలిని గుంజిన.
ముందు సీటు పోరగాడు నవ్విండు.*

గుండీ రెండు కాళ్లతోని ఆ చెయ్యిని పట్టుకొని
వెనక కాళ్లతోని రక్కుతున్నది.
ఆయన గుంజుకోలే.
పదకొండు నిమిషాలు, అన్నది నుజత్,
అని ఊకున్నది.
సార్ సంతకం లేదమ్మా. చేస్తే ఉంచుతం,
లేకుంటే ఇప్పుడే కొట్టేస్త.
ఒక్క రాత్రి ఆగు బిడ్డా అన్న.

అన్నం గిన్నె పక్కన పెట్టిన కాయితం.
ఏం కాయితమిది?
పిల్లి కాయితం.
డ్యూటీ చార్టు చదివినట్టు
ఒక్కొక్క పేజీ తిప్పిండు. పప్పు చల్లగయింది.
నాకెల్లి చూడలే. నేను దారం ఎక్కిస్తున్న,
సూది బెజ్జం ఎంతకూ దొరుకుతలేదు.

ఏడో పేజీ కాడ ఆగిండు.
ఆడే చెయ్యి: కుడి, ఎడమ.
కుడిచేత్తో పెన్ను పట్టుకొని
ఎడమ అన్న దగ్గర గీత పెట్టిండు.

గుండీ వచ్చి పెన్ను మూతను
మంచం కిందికి కొట్టింది.
ఇద్దరం వంగినం.